మగ్గం దిగిన రోజు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ పెద్దలు మంచి విషయాలు చెప్పారు. పట్టు రేటు గురించి, జీఎస్టీ గురించి, మరమగ్గం మీద నేసి చేనేత అని అమ్మేవాళ్ళ గురించి, పింఛను గురించి చెప్పారు. అవన్నీ కావలసిన మాటలే. మాకు పావుగంట ఇచ్చి, "మీకు తోచింది చెప్పండి" అన్నారు. మేము సెలవు గురించి చెబుదామనుకున్నాం. అదిగో, అప్పుడే నవ్వుతున్నారు. నేతగాడికి సెలవేంది అని కదా? ఆ నవ్వు కోసమే ఈ విషయం ఎత్తుకున్నాం.

ఇంకో మాట ముందే చెప్పాలి. మాట్లాడేటప్పుడు మాకు 'నేను' అనడం అలవాటు కాలేదు. మగ్గం ఒక్కరి పని కాదు కదా. పడుగు ఒకరు చేస్తారు, కండెలు ఒకరు చుడతారు, కూర్చుని నేసేది ఇంకొకరు. చీరకి పేరు మాత్రం ఒకరిది. అందుకని మేము అంటే మేమూ, మా ఇల్లూ అనుకోండి.

మా తాత హిందూపురం పక్కనుంచి బెంగళూరు వచ్చి కబ్బన్‌పేటలో మగ్గం వేశాడు. ఆ చుట్టుపక్కల అప్పట్లో ఏ సందులో నడిచినా మగ్గం చప్పుడే. తర్వాత జాగా చాలక మా నాయన కాలంలో యలహంక వైపు వచ్చేశాం. తాత కాలంలో మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది, మీలో చాలా ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. అమావాస్య నాడు మగ్గం ఎక్కకూడదు. పొద్దున్నే మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దీపం చూపించి, పడుగు మీద గుడ్డ కప్పేవాళ్ళు. ఆ రోజు నాడె ముట్టుకుంటే తాత కర్ర ఎత్తేవాడు. మాకు ఊహ తెలిసినప్పటినుంచీ మేము ఎరిగిన సెలవు అదొక్కటే. ఆదివారం మనకు పట్టదు. దిగిన రోజుకి కూలి లేని బతుకు కదా మనది.

ఆ అమావాస్య మా చేతుల్లోనే పోయింది. పెళ్ళిళ్ళ సీజన్ ఒకసారి, ఎగ్జిబిషన్ ఆర్డర్ ఒకసారి. "పూజ చేశాం కదా, మధ్యాహ్నం నుంచి ఎక్కుదాంలే" అని మొదలుపెట్టాం. ఆ తర్వాత పూజ కూడా దీపం వెలిగించి రెండు నిమిషాల్లో అయిపోయేది. పెద్దలు పెట్టింది మూఢనమ్మకమని కొందరం అన్నాం. మేమూ అన్నాం. అది కంటికీ నడుముకీ ఇచ్చిన సెలవు అని తెలిసేసరికి మా కళ్ళకి అద్దాలు, నడుముకి బెల్టు వచ్చేశాయి.

ఆ అమావాస్యల్లో మేము ఏం చేసేవాళ్ళం? నడిచేవాళ్ళం, చదువుకునేవాళ్ళం. ఆ రెండింటి గురించి కొంచెం చెప్పనివ్వండి.

మేము చదివింది ఎనిమిదో తరగతి, అదీ కన్నడ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే గానీ అక్షరం తెలీదు. అమ్మ పంచాంగం ముందు పెట్టి అక్షరాలు గుర్తుపట్టించింది. కానీ గడగడా చదవడం నేర్పింది మాత్రం డిటెక్టివ్ నవలే. మద్రాసు పోయొచ్చే చీరల వ్యాపారి ఒకాయన బస్సులో చదివి పారేసిన పుస్తకాలు మాకిచ్చేవాడు. కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. మీలో అరవై దాటినవాళ్ళకి ఆ పేర్లు వినగానే ముఖం వెలుగుతుంది, ఇక్కడినుంచే కనిపిస్తోంది. కొంచెం పెద్దయ్యాక మధుబాబు గారి షాడో వచ్చాడు. అద్దెకి తెచ్చుకుని, రెండో రోజు అద్దె పడకుండా రాత్రికి రాత్రే ముగించేవాళ్ళం.

ఒకసారి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఒళ్ళో పుస్తకం దాచుకుని చదువుతుంటే నాయన పట్టుకున్నాడు. నాడె చప్పుడు ఆగిపోతే పక్కింటివాళ్ళకే తెలిసిపోతుంది, నాయనకి తెలీదా? దెబ్బలు తప్పవనుకున్నాం. ఆయన పుస్తకం అట్ట చూశాడు. తుపాకీ బొమ్మ ఉంది. "ఎవడ్రా చంపింది?" అన్నాడు. "ఇంకా తెలీదు నాయనా" అన్నాం. "అమావాస్య నాడు అందరికీ వినపడేలా చదువు. అంతవరకు ముట్టుకోవద్దు" అన్నాడు.

ఆయనకి చదువు రాదు. అప్పట్నుంచీ మా ఇంట్లో అమావాస్య అంటే డిటెక్టివ్ నవల. మేము చదివేవాళ్ళం. నాయన గోడకి ఆనుకుని బీడీ కాల్చేవాడు. ముట్టొద్దన్న రోజైనా అమ్మ చెయ్యి ఊరుకోదు, చిక్కుపడ్డ పాత నూలు ముందేసుకుని చిక్కు తీస్తూ వినేది. ప్రతి కథలోనూ నాయన మొదటి పేజీలో కనిపించిన నౌకరు మీద అనుమానపడేవాడు. అమ్మ మాత్రం, "వాడు కాదు. అందరూ వాడినే అంటున్నారంటే వాడు కాదు" అనేది. సగంసార్లు అమ్మ మాటే నిజమయ్యేది. ఆ మాట మేము మర్చిపోయిన రోజు ఒకటి ఉంది. దాని దగ్గరికే వస్తున్నాం.

ఇప్పుడు మా మనవరాలు ఇంగ్లీషులో ఇవే చదువుతోంది. షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్ కథలు. 1892లో వచ్చిన ఒక కథలో ఆయన, పంటిని చూసి నేతగాణ్ణి గుర్తుపట్టలేని జనం లోకంలో ఎందరో అని విసుక్కుంటాడట. "తాతా, పంటికీ నేతకీ ఏమి సంబంధం?" అని అడిగింది. ఆ దేశం మిల్లుల్లో నాడె కన్నంలోకి దారం రావాలంటే నోటితో పీల్చేవాళ్ళు. రోజుకి ఎన్నోసార్లు అలా పీల్చీ పీల్చీ ముందు పళ్ళు పాడయ్యేవి. మనకి పంటి మీద కాకపోతే మోకాలి మీద గుర్తు పడుతుంది, అంతే తేడా. అగాథా క్రిస్టీ కథల్లో మిస్ మార్పుల్ అని ఒక ముసలామె ఉందట. ఊలు అల్లుకుంటూ అందర్నీ గమనించి హంతకుణ్ణి పట్టేస్తుందట. మాకు మా అమ్మే గుర్తొచ్చింది.

ఇక నడక సంగతి. బెంగళూరు పేటలో ఒకప్పుడు చెరువులు ఉండేవి. ఇప్పుడు మనం బస్సు ఎక్కే మెజెస్టిక్ ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. మా తాత సంపంగి చెరువు కట్ట మీద నడిచిన కథలు చెబుతుంటే మాకు కట్టుకథల్లా ఉండేవి. యలహంక వచ్చాక మాకు పుట్టేనహళ్ళి చెరువు దొరికింది. కొంగలు, నీటికాకులు, పేరు తెలియని పక్షులు ఎన్నో వస్తాయి. పెద్ద చెరువేం కాదు. కానీ రోజంతా మూరెడు దూరంలో పోగు చూసే కంటికి దూరం చూడడం ఒక మందు. మూరెడు దూరంలో బతికే మనిషి బుద్ధి కూడా మూరెడు దూరంలోనే ఆగిపోతుంది. ఇది మేము అనుభవం మీద చెబుతున్న మాట.

ఏడెనిమిదేళ్ళ కింద జరిగింది ఇది. అప్పటికి మా సంఘంలో రెండు నెలలుగా ఒక్క రోజు ఎవరం దిగలేదు, పెద్ద ఆర్డరు. మార్చి నెల్లో లెక్కలు ముగించే ముందు గోడౌన్లో పట్టు తూచాం. పుస్తకం ప్రకారం 22 కిలోలు ఉండాలి. కాటా మీద 20 కిలోల 800 గ్రాములే వచ్చింది. రెండుసార్లు తూచాం, అంతే. కిలో రెండొందల గ్రాములు కనిపించడం లేదు.

గోడౌన్ తాళం రెండు చేతుల్లో ఉండేది. ఒకటి మా దగ్గర, ఇంకోటి సరుకు ఇచ్చే ఒక అబ్బోడి దగ్గర. ఇరవై నాలుగేళ్ళవాడు, తండ్రి లేడు, చెల్లెలి పెళ్ళి దగ్గరకొచ్చింది. ఆ నెలే కొత్త ఫోను కొన్నాడు. ఇంకేం కావాలి? కమిటీలో ఒకరు ఫోను మాట ఎత్తారు. ఇంకొకరు పెళ్ళి మాట ఎత్తారు. "నేను తీయలేదు" అని వాడు అన్నాడు. ఒకసారే అన్నాడు, గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అనలేదు కాబట్టి తీసే ఉంటాడని మేము అనుకున్నాం. చూడండి, మనసు ఎట్లా పని చేస్తుందో. వాణ్ణి తీసేసి, కూలిలోంచి డబ్బు పట్టాలని తీర్మానం రాశాం. మా సంతకం ఒక్కటే మిగిలింది. తెల్లారితే అమావాస్య. పొద్దున చేద్దామని కాగితం ఇంటికి తెచ్చాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మా ఇంటామె, "మగ్గం ఎట్లాగూ లేదు, చెరువు దాకా పోదాం పా" అంది. నడుస్తూ సంగతంతా చెప్పాం. ఆమె చాలా సేపు ఏమీ అనలేదు. కట్ట మీద మంచు పడి గడ్డి తడిగా ఉంది, చీర కుచ్చెళ్ళు తడిసిపోతున్నాయని ఎత్తి పట్టుకుంది. అప్పుడు అడిగింది: "ఆ సరుకు ఏ నెల్లో దిగింది?"

"సెప్టెంబర్లో."

"వానల్లో తూచి లోపల పెట్టినారు. ఎండల్లో తూచి తక్కువొచ్చింది అంటున్నారు. పట్టు నీళ్ళు తాగదా?"

మేము అక్కడే నిలబడిపోయాం. నలభై ఏళ్ళుగా పట్టుతో బతుకుతున్న మనుషులం. బంక తీస్తే నూటికి ఇరవై, ఇరవై అయిదు పాళ్ళ బరువు పోతుందని ప్రతి లెక్కలోనూ రాస్తాం. గాలిలో తేమ సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు. పట్టు వ్యాపారంలో పూర్తిగా ఎండబెట్టిన బరువు మీద నూటికి 11 పాళ్ళు తేమ కలిపి లెక్క కట్టే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. ఎందుకు పెట్టారు? గాలిని బట్టి బరువు మారుతుంది కాబట్టే కదా. అది తెలిసి కూడా, మనిషి మీద అనుమానం వచ్చేసరికి పట్టు సంగతి మర్చిపోయాం.

అయినా మాట మీద వదలకూడదు, యుగంధర్ ఊరుకోడు కదా. ముందు కాటాని ముద్ర ఉన్న రాళ్ళతో చూశాం, కాటా సరిగ్గానే ఉంది. తర్వాత కమిటీవాళ్ళ ఎదురుగా ఒక కిలో చిలపలు తూచి, నీళ్ళు చల్లిన గోనెలు పరిచిన గదిలో తాడు మీద వేలాడదీసి తాళం వేశాం. పట్టుకి నీటిచుక్క తగలకుండా చూసుకున్నాం. తాళం చెవి కమిటీవాళ్ళే తీసుకున్నారు. పొద్దున తూచితే నలభై గ్రాములకి పైనే పెరిగింది. ఒక్క రాత్రికి ఇంత. సెప్టెంబర్ వానలకీ మార్చి ఎండలకీ మధ్య 22 కిలోల మీద ఎంత తేడా రావచ్చో లెక్క వేసుకుంటే, పోయిన పట్టు అంతా గాలికే పోయిందని అందరికీ అర్థమైంది. దొంగ లేడు. దొంగతనమే లేదు.

కాగితం చింపేశాం. వాడింటికి పోయి, వాళ్ళ అమ్మ ఎదురుగా తప్పు మాదని చెప్పాం. ఆ తల్లి మమ్మల్ని తిట్టలేదు. "నాలుగు దినాలుగా ముద్ద దిగలేదు సెక్రెటరీ గారూ" అని మాత్రం అంది. వాడేమో తల వంచుకుని నిలబడ్డాడు.

ఇది నవల అయితే ఇక్కడ ముగిసేది. కానీ మన బతుకు నవల కాదు. మా కాగితం బయటికి పోలేదు గానీ, మా మాట అప్పటికే పోయింది. పేటలో మాట నాడె కంటే వేగంగా తిరుగుతుంది. చెల్లెలి పెళ్ళి ఆగలేదు, దేవుడు దయ చూశాడు. కానీ వాడు మాత్రం రెండు నెలల్లో మగ్గం వదిలేసి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. జకార్డు మీద వాడి చెయ్యి పడితే బుటా అచ్చు గుద్దినట్టు వచ్చేది. పిల్లలు మగ్గం వదిలేస్తున్నారని సభల్లో మనం బాధపడతాం. కొందరు కూలి చాలక పోయారు, నిజమే. ఒకణ్ణి మాత్రం మేమే పంపించాం. అలసిపోయిన కళ్ళతో చూసి పంపించాం. ఒక్క రోజు ముందే దిగి, చెరువు దాకా నడిచి ఉంటే ఆ కిలో రెండొందలు యాడికి పోయిందో ముందే తెలిసేది. అమ్మ చెప్పిన మాటా గుర్తొచ్చేది: అందరూ వాడినే అంటున్నారంటే వాడు కాదు.

పోయిన జనవరిలో మా సంఘం కుటుంబాలన్నీ కలిసి మొదటిసారి ఒక రోజు సెలవుకి పోయాం. తలా కొంచెం నెలనెలా వేసుకున్న డబ్బుతో లేపాక్షికి. బండి కావాలంటే ఆ అబ్బోడికే ఫోన్ చేశాం. "నీ బండే కావాలి నాయనా, బాడుగ ఎంతైతే అంత" అన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎన్నింటికి రావాలి?" అన్నాడు.

దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగితే లేపాక్షి. దారి పొడవునా ఆడవాళ్ళు పాటలు, పిల్లలు గోల. ముందు ఆ పెద్ద నంది. ఒకే రాయి. తర్వాత వీరభద్రస్వామి గుడి, విజయనగర రాజుల కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టింది. నేల పూర్తిగా తాకని స్తంభం కింద తువ్వాలు పెట్టి ఇటునుంచి అటు లాగాం. పిల్లలు మళ్ళీ మళ్ళీ లాగించారు. పైకప్పు మీద రంగుల బొమ్మలు చూడమని గైడు దేవుళ్ళ కథలు చెబుతుంటే మనవాళ్ళు దేవుళ్ళని చూడలేదు. వాళ్ళు కట్టుకున్న బట్టలు చూశారు! చారలు, గళ్ళు, అంచులు. లతామండపం దగ్గరైతే ఇక కదల్లేదు. స్తంభం స్తంభానికి వేరే లత, వేరే పువ్వు. ఇక్కడి లతలే చీరల అంచుల్లోకి దిగాయని అంటారు కదా. మా ఇంటామె ఒక స్తంభం మీద వేలు పెట్టి, "ఇది ఎన్ని పోగుల్లో వస్తుంది?" అని లెక్క కట్టడం మొదలుపెట్టింది. సెలవు రోజు పనేంటమ్మా అంటే, "ఇది పని కాదు, చూడ్డం" అంది. మేము నలభై ఏళ్ళు నేశాం. చూడ్డానికి కూర్చోలేదు.

అక్కడే ఒక గోడ మీద ఎర్రటి మరకలు చూపించారు. గుడి కట్టించిన విరూపణ్ణ రాజుగారి కోశాధికారి. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని నింద పడిందట. రాజు కళ్ళు తీయించమన్నాడని తెలిసి తన చేతులతో తానే కళ్ళు పీకి గోడకి కొట్టాడట. ఆ మరకలే ఇవని చెప్పుకుంటారు. కథో నిజమో, నాలుగొందల ఏళ్ళ పైబడిన మాట. మేము ఆ గోడ చూస్తున్నాం. మా పక్కనే ఆ అబ్బోడు నిలబడి ఉన్నాడు, బండి తాళాలు చేతిలో పట్టుకుని. వాడూ చూస్తున్నాడు. ఏమీ మాట్లాడుకోలేదు. బయటికొచ్చాక వాడే మజ్జిగ ప్యాకెట్టు కొని తెచ్చి, "తాగండి, ఎండగా ఉంది" అన్నాడు.

అమ్మలారా, అయ్యలారా, సెలవు గురించి మాట్లాడతామని చెప్పి ఈ కథంతా ఎందుకు చెప్పామంటే, సెలవు అంటే సోమరితనం కాదని చెప్పడానికి. 2019-20 నాలుగో చేనేత గణనలో ఈ దేశంలో చేనేత, దాని అనుబంధ పనుల మీద 35 లక్షలకు పైగా మనుషులున్నారని తేలింది. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. మగ్గం దిగిన రోజు మగవాడికి సెలవు. ఆమెకి? ఆ రోజు పొయ్యి మాత్రం దిగదు. లేపాక్షి పోయినప్పుడు పులిహోర మేము మగవాళ్ళమే కలిపాం. ఉప్పు ఎక్కువైంది. అయినా తిన్నారు, నవ్వుకుంటూ తిన్నారు.

సమాఖ్యకి మావి నాలుగు చిన్న విన్నపాలు. డబ్బు ఖర్చు ఎక్కువ ఉండదు.

ఒకటి, అమావాస్య నాడు ఏ సంఘమూ చీరలు తీసుకోవద్దు, సరుకు ఇవ్వొద్దు. ఆఫీసు మూస్తే మగ్గం దానంతట అదే ఆగుతుంది.

రెండు, ప్రతి సంఘంలో ఏడాదికి ఒక రోజు కుటుంబాల ప్రయాణానికి నెలకి కొంచెం కొంచెం పక్కన పెట్టండి. పెద్ద ఊళ్ళే పోనక్కరలేదు. నంది కొండ ఉంది, ఘాటి సుబ్రహ్మణ్యం ఉంది, లాల్‌బాగ్ ఉంది. ఏమీ కాకపోతే దగ్గర్లో చెరువు ఉంది.

మూడు, ప్రతి సంఘం ఆఫీసులో ఒక అల్మారా పుస్తకాలు పెట్టండి. తెలుగువి, కన్నడవి రెండూ. డిటెక్టివ్ నవలలు కూడా పెట్టండి, సిగ్గుపడొద్దు. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. నీతి పుస్తకం ఇస్తే పక్కన పెడతారు. ఎవడు చంపాడో తెలియాలంటే చివరిదాకా చదువుతారు. మాకు తెలుగు అట్లాగే వచ్చింది.

నాలుగు, స్టాకు పుస్తకంలో సరుకు దిగిన నెల, తూచిన నెల రెండూ రాయండి. ఏ సభ్యుడి మీదైనా లెక్కల్లో అనుమానం వస్తే, సంతకం పెట్టే ముందు ఒక అమావాస్య ఆగండి. ఇంట్లో ఆడవాళ్ళని కూడా ఒకసారి అడగండి.

ఈసారి సంచిక కాగితం మీద కాకుండా ఫోనులో వస్తుందని చెప్పారు. మంచిదే. ఇది ఎవరైనా మగ్గం మీద కూర్చుని చదువుతుంటే మాత్రం మా మాట వినండి: ఇక ఫోను పక్కన పెట్టండి, కాళ్ళు గుంటలోంచి తీయండి, ఇంటామెని పిలవండి, వీధి చివరిదాకా నడిచి రండి. పోగు యాడికీ పోదు.

పావుగంట అన్నారు, అరగంట తీసుకున్నాం. మన్నించండి. మాకు ఇక సెలవు. మీకు కూడా.